హెండన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియంకి గ్రూప్‌గా వెళ్తున్నారా? ముందు హైదరాబాద్ విమానం ఎక్కడుందో కనుక్కోండి

లండన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు ఫ్యామిలీస్ ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తిప్పే చోట్లు దాదాపు ఒకటే. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, నీస్డెన్ గుడి, టైమ్ ఉంటే గ్రీనిచ్. హెండన్‌లో ఉన్న రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం మాట ఎవరూ ఎత్తరు, ఎత్తినా "యుద్ధ విమానాలు కదా, పిల్లలకి బోర్ కొడుతుందేమో, పెద్దవాళ్ళు నడవలేరేమో" అని వదిలేస్తారు. నేను ఇప్పటికి మూడుసార్లు గ్రూప్‌ని తీసుకెళ్ళాను, చివరిసారి ఇరవై నాలుగు మంది, అందులో తొమ్మిది మంది పిల్లలు, ఆరుగురు డెబ్బై దాటినవాళ్ళు. ఒక్కరు కూడా బోర్ అనలేదు. కానీ మొదటిసారి మాత్రం ప్లాన్ సరిగ్గా లేక సగం రోజు చేజారిపోయింది, అది మీకు జరక్కూడదనే ఇదంతా రాస్తున్నా.

ఎంట్రీ ఫ్రీ. ఎంతమంది వెళ్ళినా ఫ్రీయే. పార్కింగ్‌కి మాత్రం డబ్బులు కట్టాలి, సిమ్యులేటర్ లాంటివి ఎక్కాలంటే వాటికి వేరే టికెట్. ఫ్రీయే కదా అని చెప్పాపెట్టకుండా ఇరవై మంది దిగిపోకండి, మ్యూజియం వెబ్‌సైట్‌లో గ్రూపుల కోసం ఉన్న పేజీ చూసి ముందుగా చెప్పి వెళ్ళండి. వాళ్ళకి రాసే ఈమెయిల్‌లో మూడు విషయాలు తప్పకుండా అడగండి: వీల్‌చైర్ దొరుకుతుందా, వాన పడితే ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం ఎక్కడ కూర్చుని తినొచ్చు, హైదరాబాద్ విమానం, అంటే ఎఫ్1010 నంబర్ ఉన్న డిహెచ్9ఎ విమానం, ఇప్పుడు ఏ హ్యాంగర్‌లో (విమానాలు పెట్టే పెద్ద షెడ్డు) ఉంది. మూడోది ఎందుకో కింద చెప్తా, ఈ ట్రిప్‌కి అసలు ప్రాణం అదే.

ట్యూబ్‌లో వెళ్ళేవాళ్ళు నార్తర్న్ లైన్‌లో కాలిన్‌డేల్ స్టేషన్‌లో దిగాలి, అక్కడి నుంచి పిల్లలతో అయితే పదిహేను నిమిషాల నడక. నార్తర్న్ లైన్ క్యామ్‌డెన్ టౌన్ దగ్గర రెండుగా చీలుతుంది, మీరు ఎక్కాల్సింది ఎడ్జ్‌వేర్ వైపు వెళ్ళే ట్రైన్. హై బార్నెట్ ట్రైన్ ఎక్కితే ఇంకో దిక్కుకి పోతారు, మా గ్రూప్‌లో ఒక ఫ్యామిలీ అలాగే పోయి నలభై నిమిషాలు లేట్‌గా చేరారు. ఇది వాట్సాప్ గ్రూప్‌లో ఒకసారి పెడితే చాలదు, ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున బయల్దేరేటప్పుడు ఇంకోసారి పెట్టండి. వీకెండ్‌లో లైన్ పనుల కోసం ట్రైన్లు ఆపేస్తుంటారు, అదీ చూసుకోండి. నడవలేని పెద్దవాళ్ళుంటే 303 బస్సు మ్యూజియం దగ్గరే ఆగుతుంది. కారులో అయితే ఎం1 మోటార్‌వే పక్కనే కాబట్టి మిల్టన్ కీన్స్, లూటన్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి చాలా ఈజీ. మినీబస్ మాట్లాడుకునేవాళ్ళకి ఒక్క మాట, తిరుగు ప్రయాణం టైమ్ కాగితం మీద రాయించుకోండి. మేము మాట్లాడుకున్న బండి సాయంత్రం గంటన్నర లేట్‌గా వచ్చింది, నవంబర్ చలిలో పెద్దవాళ్ళని గేటు దగ్గర నిలబెట్టాల్సి వచ్చింది, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇక లోపలికి. మెయిన్ ఎంట్రన్స్ హ్యాంగర్ 1 దగ్గర ఉంటుంది, వచ్చిన జనం అంతా అక్కడే ఆగిపోతారు, మేమూ మొదటిసారి అదే చేశాం. స్క్రీన్లు, బటన్లు, ఫొటోలు, పిల్లలు కదలరు, రెండు గంటలు అక్కడే అయిపోయాయి, ఆ తర్వాత ఆకలి, ఆ తర్వాత నిద్ర, అసలు చూడాల్సిన పెద్ద బాంబర్ల దగ్గరికి చేరేసరికి పెద్దవాళ్ళు బెంచీలు వెతుక్కుంటున్నారు. అందుకే నేను ఇప్పుడు రివర్స్‌లో వెళ్తా. లోపలికి రాగానే అందరూ టాయిలెట్ పని చూసుకుని, ఆగకుండా నేరుగా దూరంగా ఉన్న హ్యాంగర్లకి, ముఖ్యంగా హ్యాంగర్ 5కి పోవడం. పొద్దున అక్కడ జనం తక్కువ, కాళ్ళలో ఓపిక ఎక్కువ. హ్యాంగర్ 1ని సాయంత్రానికి ఉంచండి, అలసిపోయిన పిల్లలకి అదే కరెక్ట్, అక్కడ సండర్లాండ్ అనే పెద్ద నీటి విమానం లోపలికి ఎక్కి నడిచి చూడొచ్చు, వంటగది కూడా ఉన్న విమానం అది, మా పిల్లలు దాన్ని ఇల్లు అన్నారు.

ఇరవై మందిని ఒకే గుంపుగా నడిపించొద్దు. ఆరుగురికి ఒక గ్రూప్, ప్రతి గ్రూప్‌లో ఇద్దరు పిల్లలు, ఒకరిద్దరు పెద్దవాళ్ళు, ఒక లీడర్. మగవాళ్ళంతా ఒకవైపు ఇంజిన్ల గురించి మాట్లాడుకుంటూ పోయి, ఆడవాళ్ళు పిల్లల్ని పట్టుకుని ఇంకోవైపు మిగిలిపోవడం మన దగ్గర మామూలే, అలా కాకుండా ఫ్యామిలీస్‌ని కలిపేసి గ్రూపులు చేయండి. పక్కింటి తాతగారితో వెళ్ళిన పిల్లాడు అమ్మానాన్నలతో ఉన్నప్పటికంటే బుద్ధిగా ఉంటాడు, ఇది నేను చూసిందే.

ఇంకా ముఖ్యం, అన్నీ చూడాలనుకోవద్దు. అక్కడ విమానాలు వంద దాకా ఉంటాయి, అన్నిటి పేర్లూ చదువుకుంటూ పోతే సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. నేను నాలుగు ఎంచుకుని ప్రతిదాని దగ్గర ఇరవై నిమిషాలు కూర్చోబెడతా. మిగతావి దారిలో ఎలాగూ చూస్తారు, స్పిట్‌ఫైర్ అనే ఫేమస్ యుద్ధ విమానం పక్కన ఫొటో ఎవరూ చెప్పకుండానే అందరూ దిగుతారు.

ఒకటి, హైదరాబాద్ విమానం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, బ్రిటిష్ వాళ్ళ 110 స్క్వాడ్రన్‌కి (స్క్వాడ్రన్ అంటే విమానాల దళం) విమానాలు కొనడానికి డబ్బులు ఇచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆ విమానాల మీద నిజాం కానుక అని రాసి ఉండేది, స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ చేరిపోయింది. డిహెచ్9ఎ అనేది చెక్క ఫ్రేమ్ మీద గుడ్డ బిగించిన రెండు రెక్కల వరసల బాంబర్, ముందు పైలట్, వెనక ఇంకొకరు, పైన కప్పు కూడా లేదు, ఆ గాలిలో అలాగే ఫ్రాన్స్ నుంచి జర్మనీ దాకా పోయి బాంబులేసి రావాలి. ఎఫ్1010 సరిగ్గా ఆ స్క్వాడ్రన్‌దే. 1918 అక్టోబర్ 5న ఇంక తిరిగి రాలేదు, జర్మన్ల చేతికి చిక్కింది, ఆ ఇద్దరూ ఖైదీలయ్యారు. యుద్ధం ఇంకో ఐదు వారాల్లో అయిపోయింది. విమానాన్ని జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు, రెండో యుద్ధంలో బాంబుల భయానికి తూర్పుకి తరలిస్తే అది పోలాండ్‌లో మిగిలిపోయింది, 1977లో పోలాండ్ వాళ్ళకి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి బదులుగా దీన్ని ఇంటికి తెచ్చుకున్నారు ఇంగ్లండ్ వాళ్ళు.

ఇల్లు అన్నాను గానీ, ఏది దీనికి ఇల్లు అని నేను ప్రతిసారీ అనుకుంటా. నిజాం ఖజానా అంటే ఏంటి, వరంగల్, కరీంనగర్, నల్గొండ, ఔరంగాబాద్, గుల్బర్గా ఊళ్ళలో రైతులు కట్టిన శిస్తు కదా. మా తాతల ఊరు కరీంనగర్ దగ్గర, వాళ్ళు విమానం అనేదే చూసి ఉండరు, అయినా ఆ గుడ్డలో, ఆ చెక్కలో వాళ్ళ చెమట ఒక చుక్కైనా ఉంది అనిపిస్తుంది నాకు. మా చిన్నాడు బోర్డు మీద హైదరాబాద్ అన్న మాట కూడబలుక్కుని చదివి, "అమ్మా, మన హైదరాబాదేనా?" అని గట్టిగా అరిచాడు, చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆ అరుపు కోసం ఎన్నిసార్లైనా వెళ్ళొచ్చు. అందుకే విమానాలని అప్పుడప్పుడు ఒక హాల్ నుంచి ఇంకో హాల్‌కి జరుపుతుంటారు కాబట్టి ముందే ఈమెయిల్‌లో అడగమన్నాను, అంత దూరం వెళ్ళి అదొక్కటే మిస్ అయితే ఎలా.

ఇక్కడే పిల్లలకి ఇంకో సంగతి చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధంలో కూడా 152 స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్, 253 స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్టేట్. 1940లో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో, అంటే జర్మన్ విమానాలతో బ్రిటన్ ఆకాశంలో జరిగిన పోరులో, 152 వాళ్ళు స్పిట్‌ఫైర్లు, 253 వాళ్ళు హరికేన్లు నడిపారు. 152 బ్యాడ్జి మీద ఉండేది ఏంటో తెలుసా, నిజాం తలపాగా. ఆంధ్రా వైపు వాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, 234, 264 స్క్వాడ్రన్ల పేర్లలో మద్రాస్ ప్రెసిడెన్సీ ఉంది, అప్పట్లో కోస్తా, రాయలసీమ అంతా మద్రాస్ ప్రెసిడెన్సీయే కదా. ఇంకో రోజు సిటీలోకి వెళ్తే స్ట్రాండ్‌లో సెయింట్ క్లెమెంట్ డేన్స్ అని ఎయిర్ ఫోర్స్ వాళ్ళ చర్చి ఉంది, నేల నిండా పలక రాయిలో చెక్కిన స్క్వాడ్రన్ బ్యాడ్జీలు, ఎనిమిది వందలకి పైనే, అక్కడ ఈ నంబర్లు వెతకడం పిల్లలకి మంచి ఆట.

రెండోది హ్యాంగర్ 5లో లిబరేటర్ బాంబర్. ఇది మన ఎయిర్ ఫోర్స్ 1974లో ఈ మ్యూజియంకి ఇచ్చిన గిఫ్ట్, ఇండియా నుంచి ఎగురుకుంటూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇలాంటి లిబరేటర్లని బ్రిటిష్ వాళ్ళు కాన్పూర్‌లో ఇంక ఎవరూ వాడలేనట్టు పాడుచేసి వదిలేసి పోయారు, మన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు వాటిని ఒక్కొక్కటే బెంగళూరు తీసుకుపోయి బాగుచేసి ఎగిరేలా చేశారు, 1968 దాకా మన ఎయిర్ ఫోర్స్‌లో పనిచేశాయి. చెత్త అని పారేసిన వాటితో ఇరవై ఏళ్ళు సముద్రం మీద కాపలా కాశాం. మా గ్రూప్‌లో హెచ్‌ఏఎల్‌లో రిటైర్ అయిన ఒక అంకుల్ ఉన్నారు, దాని కింద నిలబడి రివెట్ల వరస చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత పిల్లల్ని పిలిచి రేకుని రేకుకి ఎలా అతికిస్తారో చేతులతో చూపించారు. మీ గ్రూప్‌లో మెకానిక్‌లు, ఇంజినీర్లు, ఆర్మీలో చేసినవాళ్ళు ఎవరున్నారో ముందే కనుక్కుని ఇలాంటి చోట మాట్లాడమని అడగండి, ఏ ఆడియో గైడూ దానికి సాటి రాదు.

మూడోది లాంకాస్టర్ అనే బ్రిటిష్ బాంబర్, అది కూడా అక్కడే. ముక్కు పక్కన వరసలు వరసలుగా చిన్న చిన్న బాంబుల బొమ్మలు పెయింట్ చేసి ఉంటాయి, వెళ్ళొచ్చిన ఒక్కో దాడికి ఒక్కో బొమ్మ, నూట ముప్పైకి పైనే. పిల్లల్ని లెక్కపెట్టమనండి, పది నిమిషాలు గప్‌చిప్. శత్రు విమానం ఒక్కటి కూడా జర్మనీ గడ్డ మీద ఎగరదని హిట్లర్ ఎయిర్ ఫోర్స్ అధిపతి గోరింగ్ కొట్టిన గొప్ప కూడా దాని మీదే రాసిపెట్టారు. లెక్క అయిపోయాక అసలు లెక్క చెప్పండి: రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబర్లన్నిటిలో కలిపి వెళ్ళినవాళ్ళు సుమారు 1,25,000 మంది, చచ్చిపోయినవాళ్ళు 55,573 మంది. ఒక్కో లాంకాస్టర్‌లో ఏడుగురు, ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు. వెనక తోక చివర గాజు గూడులో ఒక్కడే కూర్చునే గన్నర్ సీటు చూపించి, గడ్డకట్టే చలిలో ఏడెనిమిది గంటలు అక్కడ ఉండాలని చెప్తే పిల్లలకి అర్థమవుతుంది.

కింద ఎవరున్నారో కూడా చెప్పండి. ఇది దాటేయొద్దు. ఆ బొమ్మ ఒక్కొక్కటీ ఒక ఊరి మీద పడింది, ఆ ఊళ్ళలో కూడా పిల్లలున్నారు. యుద్ధ విమానాలు చూపించి అబ్బో ఎంత బాగుందో అని మాత్రం చెప్పి ఇంటికి తీసుకురావడం నాకు ఇష్టం ఉండదు.

నాలుగోది హాలిఫాక్స్, ఇదీ బ్రిటిష్ బాంబరే. మా గ్రూపుల్లో అందరూ ఎక్కువసేపు నిలబడిపోయింది దీని దగ్గరే. మెరిసే పెయింట్ లేదు, కొత్తగా చేసిందేమీ లేదు, తుప్పు, చిరిగిపోయిన రేకు, లోపలి ఎముకలు కనిపిస్తుంటాయి. 1942 ఏప్రిల్ 27 రాత్రి నార్వేలో దాక్కున్న టిర్పిట్జ్ అనే జర్మన్ యుద్ధనౌక మీద దాడికి వెళ్ళి, కాల్పుల్లో దెబ్బతిని, గడ్డకట్టిన సరస్సు మీద పొట్టతో దిగింది. లోపలున్నవాళ్ళంతా బతికారు, కాలు దెబ్బతిన్న ఒకతను మాత్రం దొరికిపోయాడు, మిగతావాళ్ళు నడుచుకుంటూ స్వీడన్ చేరుకున్నారు. విమానం మంచు కింద మునిగిపోయింది, ముప్పై ఏళ్ళు సరస్సు అడుగున ఉంది, 1973లో పైకి తీశారు. ఎలా దొరికిందో దాదాపు అలాగే పెట్టారు, అది మంచి పని. దగ్గరికి వెళ్ళి చూస్తే రేకు అంచులు ఎండిన ఆకు అంచుల్లా ఉంటాయి. ముట్టుకోవద్దని పిల్లలకి ముందే చెప్పండి, చేతి చెమట కూడా ఆ లోహానికి మంచిది కాదు.

ఆ నెల గుర్తు పెట్టుకోండి, 1942 ఏప్రిల్. దానికి మూడు వారాల ముందు, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి. మా ఫ్రెండ్ వాళ్ళ అమ్మగారు కాకినాడ నుంచి వచ్చారు, డెబ్బై ఆరేళ్ళు, పొద్దున్నుంచి వీల్‌చైర్‌లో పెద్దగా మాట్లాడకుండా కూర్చున్నారు. ఈ తారీఖు చెప్పగానే, "మా అమ్మ చెప్పేది, చంకలో పిల్లతో బండి కట్టించుకుని రాత్రికి రాత్రి పల్లెకి పోయారంట, పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి" అన్నారు. అంతే, పిల్లలు తొమ్మిది మందీ ఆవిడ చుట్టూ చేరిపోయారు. ఎవరి అన్నం, మళ్ళీ ఎప్పుడొచ్చారు, బాంబు చూశారా, చంకలో పిల్ల ఎవరు. ఆ పిల్ల ఆవిడ అక్క అంట. ఆవిడ గొంతు చాలా చిన్నది, అయినా హ్యాంగర్ అంత పెద్దదైనా అందరికీ వినిపించింది. మీ గ్రూప్‌లో విశాఖ, కాకినాడ, మద్రాస్ వైపు పెద్దవాళ్ళుంటే వెళ్ళే ముందే ఫోన్ చేసి, మీ ఇంట్లో ఆ రోజుల గురించి ఏమైనా చెప్పేవాళ్ళా అని అడిగి పెట్టుకోండి. అక్కడికక్కడ అడిగితే కొందరికి గుర్తుకు రాదు, రెండు రోజులు టైమ్ ఇస్తే వస్తుంది.

భోజనం సంగతి. లోపల తినడానికి దొరుకుతుంది గానీ ఇరవై మందికి ఒకేసారి సీట్లు దొరకవు, మన పెద్దవాళ్ళకి శాండ్‌విచ్ దిగదు. పులిహోర, దద్దోజనం, చపాతీలో ఆలూ కూర, ఇంతే, ఫ్యామిలీకి ఒక ఐటమ్ పంచేసుకోండి. చారు, సాంబారు లాంటి ఒలికేవి వద్దు. పన్నెండుకే తినేయండి, ఒంటి గంటకి రద్దీ. ఎండగా ఉంటే బయట గడ్డి మీద బాగుంటుంది, పిల్లలకి ఆడుకునే చోటు కూడా ఉంది, వాళ్ళు ఒక అరగంట గెంతితే మధ్యాహ్నం హాయిగా నడుస్తుంది. చలికాలం హ్యాంగర్ల లోపల కూడా చల్లగానే ఉంటుంది, అమ్మలకి శాలువా, సాక్సులు మర్చిపోకండి, చెప్పులతో వచ్చి ఇబ్బంది పడినవాళ్ళున్నారు.

మధ్యాహ్నం గ్రేహమ్ వైట్ అనే ఆయన పాత విమానాల ఫ్యాక్టరీ బిల్డింగ్‌లో ఉన్న హ్యాంగర్ 2. ఈ స్థలమే ఒకప్పుడు హెండన్ ఏరోడ్రోమ్, 1911 సెప్టెంబర్‌లో ఇక్కడి నుంచి విండ్సర్‌కి విమానంలో ఉత్తరాలు తీసుకెళ్ళారు, బ్రిటన్‌లో మొదటి అధికారిక ఎయిర్‌మెయిల్ అది. దానికి దాదాపు ఏడు నెలల ముందే, ఫిబ్రవరి 18న, అలహాబాద్ నుంచి నైనీకి మన దేశంలో ఎయిర్‌మెయిల్ ఎగిరింది, ఇది చెప్తే పిల్లలు కాలర్ ఎగరేస్తారు. ఇంద్ర లాల్ రాయ్ గురించి కూడా ఇక్కడే చెప్పండి, కలకత్తా కుర్రాడు, మొదటి యుద్ధంలో పది శత్రు విమానాలని కూల్చి 1918 జులైలో పందొమ్మిదేళ్ళకే పోయాడు.

పిల్లల చేతికి ఒక కాగితం, పెన్సిల్ ఇవ్వండి, నాలుగే ప్రశ్నలు. హైదరాబాద్ అని ఎక్కడ రాసి ఉంది? లాంకాస్టర్ మీద ఎన్ని బాంబు బొమ్మలు? హాలిఫాక్స్‌లో నీకు బాగా గుర్తుండిపోయిన ముక్క ఏది, బొమ్మ గీయి. నాలుగోది, ఇక్కడ ఉన్నవాళ్ళలో ఎవరినైనా ఒకరిని ఒక ప్రశ్న అడిగి జవాబు రాయి. అక్కడ పనిచేసే వాలంటీర్లు చాలామంది ఓపిగ్గా చెప్తారు, పిల్లలు అడిగితే ఇంకా సంతోషపడతారు, మనవాళ్ళే మొహమాటపడి అడగరు.

అదే రోజు నీస్డెన్ గుడి కూడా కలుపుదాం అని గ్రూప్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. దగ్గరే, నిజమే. కానీ కలపకండి, రెండూ సగం సగం అయిపోతాయి, గుడికి ఇంకో ఆదివారం ప్రశాంతంగా వెళ్ళండి. మూసేసే టైమ్‌కి నలభై నిమిషాల ముందే హ్యాంగర్ 1లోకి అందరూ వచ్చేసేలా చూసుకోండి, తలలు లెక్కపెట్టుకోండి, షాప్ దగ్గర పిల్లలకి ఒక్కొక్కరికి ఇంత అని ముందే చెప్పేయండి లేకపోతే అక్కడే ఏడుపులు. ఇంటికెళ్ళాక ఆ కాగితాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. మా గ్రూప్‌లో ఒక ఆరేళ్ళ పాప నాలుగో ప్రశ్న కాకినాడ అమ్మమ్మగారినే అడిగింది, "అన్నం ఎవరు తిన్నారు?" అని. జవాబు కింద వంకర అక్షరాలతో రాసుంది: "కుక్క."